గోడలో ద్వారం ఎందుకు?

సంపాదకులకు,

నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో డిస్టోపియా కథల మీద, అంటే అన్యాయం రాజ్యమేలే చెడ్డ సమాజాన్ని ఊహించి రాసే కథల మీద వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. రెండుగా చీలిపోయిన నగరం, పైభాగంలో అన్నీ ఉన్నవాళ్లు, కిందిభాగంలో ఏమీ లేనివాళ్లు, మధ్యలో గోడ, ఆఖరున తిరుగుబాటు; ఇదే వరసలో నవలలు, సినిమాలు, సిరీస్‌లు పుంఖానుపుంఖంగా వస్తున్నాయనీ, వాటిలోని రక్తపాతం కుర్రకారును హింసకు అలవాటు చేస్తోందనీ వ్యాసకర్త ఆందోళన వెలిబుచ్చారు. ఆ ఆందోళనను నేను కొట్టిపారేయను. ఈ కథల్లో కొన్ని అన్యాయాన్ని చూపిస్తున్నామన్న నెపంతో చావుల్ని ఆటలాగా అమ్ముకుంటున్న మాట నిజమే. అయితే ఆయన హింసను లెక్కపెట్టిన తీరు దగ్గర నాకు పేచీ ఉంది. ఆయన లెక్క తిరుగుబాటు అధ్యాయంతో, అంటే కిందినుంచి మొదటి రాయి లేచిన క్షణంతో మొదలవుతుంది. అంతకుముందు కథలో సగభాగం పైగా నడిచిన బతుకునంతా ‘నేపథ్యం’ అనే ఒక్క మాటలో చుట్టేశారు. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

నేను ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని అప్పగించాను. రెండు భాగాలుగా విడిపోయిన నగరాన్ని ఊహించి పటం గీయండి, అందులో బతకడానికి పది నియమాలు రాయండి అన్నాను. తుపాకులు, జైళ్లు, ఉరికొయ్యలు గీసుకొస్తారనుకున్నాను. ఒకరిద్దరు తప్ప ఎవరూ గీయలేదు. దాదాపు అందరూ రాసింది వేళల గురించి: కిందివాళ్లు ఎన్ని గంటలకు పైకి రావచ్చు, ఎన్ని గంటలకల్లా దిగిపోవాలి, ఏ రంగు చీటీ ఉన్నవాళ్లు ఏ దారిన నడవాలి. వెనక బెంచీ కుర్రవాడొకడు గోడను చాలా దిట్టంగా, ఇటుక ఇటుకా విడివిడిగా గీసి, సరిగ్గా మధ్యలో మనిషి వంగితే గాని పట్టనంత చిన్న ద్వారం పెట్టాడు. “ఇంత గట్టి గోడ కట్టి మళ్లీ ఈ కన్నం ఎందుకురా?” అని అడిగాను. వాడు నా వైపు జాలిగా చూసి, “గోడ మొత్తం మూసేస్తే పైవాళ్ల గిన్నెలు ఎవరు తోముతారు సార్?” అన్నాడు.

తరగతి నవ్వింది, నేనూ నవ్వాను. విభజించిన సమాజాల గురించి ఆ తరవాత నేను చదివిన పెద్ద పుస్తకాలు చాలావరకు ఆ ప్రశ్నకు వ్యాఖ్యానాల్లాగే కనిపించాయి. గోడ అనగానే ఇటువైపుకీ అటువైపుకీ సంబంధం తెగిపోయిందని అనుకుంటాం. సంబంధం తెగితే రెండు వేర్వేరు ఊళ్లవుతాయి గాని ఒకే ఊరు రెండుగా చీలడం కాదు. చీలిన సమాజంలో పైవాళ్లకు కిందివాళ్లు అక్కర్లేని రోజంటూ ఉండదు. వాళ్ల చేతులు కావాలి, వాళ్లు అక్కర్లేదు. చేతుల్ని లోపలికి రానిచ్చి మనిషిని బయట ఉంచడం ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు కాబట్టి, ద్వారం దగ్గర ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం బలప్రయోగం జరిగి తీరుతుంది. గొంతు పెంచనక్కర్లేదు, చెయ్యి ఎత్తనక్కర్లేదు. చీటీ చూపించమని అడిగితే చాలు.

ఇది కథల్లో మాటే అనుకునేవారికి దక్షిణాఫ్రికా చరిత్ర ఉంది. అక్కడ 1913 నాటి భూమి చట్టం జనాభాలో అత్యధికులైన నల్లవారికి దేశపు నేలలో సుమారు ఏడు శాతం మాత్రమే కేటాయించింది. 1936లో దాన్ని పదమూడు శాతం దాకా పెంచడానికి ఒప్పుకున్నారు. 1950 నాటి ప్రాంతాల చట్టం ఏ వీధి ఏ రంగువారిదో తేల్చింది. ఇంతవరకు గోడ. గనులకు కూలీలు కావాలి, తెల్లవారి ఇళ్లలో పనిమనుషులు కావాలి, అందుకని ద్వారం కూడా చట్టంలోనే పెట్టారు. అనుమతి లేని నల్లమనిషి పట్టణ ప్రాంతంలో 72 గంటలకు మించి ఉంటే నేరస్థుడు. పదహారేళ్లు నిండిన ప్రతి నల్లమనిషీ వేలిముద్రలతో, పనిచేసే వివరాలతో ఉన్న పుస్తకాన్ని ఎప్పుడూ ఒంటిమీదే ఉంచుకోవాలి. అందులో యజమాని నెలనెలా సంతకం పెట్టాలి. ఈ పుస్తకాన్ని తప్పనిసరి చేసిన 1952 నాటి చట్టానికి పెట్టిన పేరు విన్నప్పుడు నా విద్యార్థులు నమ్మేవారు కాదు: దాని పేరు పాసుల రద్దు చట్టం. పాత పాసులన్నిటినీ రద్దుచేసి వాటి స్థానంలో ఒకే పెద్ద పాసును తెచ్చారు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఏ డిస్టోపియా రచయితైనా తన నవలలో ఈ పేరు వాడితే అతిశయోక్తి అని విమర్శకులు విసుక్కునేవారేమో.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో వేల మంది ఆ పుస్తకాల్ని ఇంట్లో వదిలేసి, కావాలంటే అరెస్టు చేసుకోండని పోలీసు స్టేషన్‌కు నడిచి వెళ్లారు. పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారం 69 మంది చనిపోయారు, వారిలో చాలామందికి తూటాలు వీపులో దిగాయి. ప్రపంచమంతా ఆ రోజును హింసగా గుర్తుపెట్టుకుంది, పెట్టుకోవాల్సిందే. మీ వ్యాసకర్త పద్ధతిలో లెక్కపెడితే మాత్రం దక్షిణాఫ్రికాలో హింస 1960 మార్చి 21న మొదలైనట్టు తేలుతుంది. అంతకు ముందురోజు, ఆ ముందు నెల, దానికి ముందు పదేళ్లు, సంతకం పడని పుస్తకంతో దొరికిపోయి రాత్రికి ఇల్లు చేరని మనిషి ఏ లెక్కలోకి రాడు. వాడి భార్య తలుపు దగ్గర నిలబడి ఎదురుచూసిన గంటలు అసలే రావు.

ఈ లెక్కలోకి రాని హింసకు ఒక పేరు పెట్టినవాడు నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్. కొట్టినవాడు కనిపించే హింస ఒకటి, కొట్టినవాడంటూ ఎవరూ లేకుండా ఏర్పాటులోనే ఇమిడి ఉండే హింస ఇంకొకటి అని ఆయన 1969లో రాశారు. రెండోదాన్ని నిర్మాణాత్మక హింస అన్నారు. ఈ మాట వాడినప్పుడల్లా, ‘అన్నిటినీ హింస అనేస్తే ఆ మాటకు విలువేముంది’ అని ఎవరో ఒకరు ఎదురుచెబుతారు. న్యాయమైన ప్రశ్నే. జరిగే ప్రతి నష్టం హింస కాదు. తప్పించగల చావు, తప్పించే సాధనం చేతిలో ఉండగా, ఏ తరగతివాడన్న దాన్ని బట్టి ఒకరికి తప్పి ఇంకొకరికి తప్పకపోతే, దానికి వేరే ఏ పేరు సరిపోతుందో చెప్పడం కష్టం.

టైటానిక్ సంగతి చూడండి. ఆ ఓడను చిన్న నమూనా నగరం అనవచ్చు: పై అంతస్తుల్లో మొదటి తరగతి, కిందన మూడో తరగతి, మధ్యలో గేట్లు. ఆ గేట్లు ఎవరి దుర్మార్గం వల్లా పెట్టినవి కావు, వలస వచ్చేవారినుంచి రోగాలు సోకకూడదని అమెరికా వలస నిబంధనలు కోరిన ఏర్పాటు. 2,200 మంది పైగా ఉన్న ఓడలో ప్రాణరక్షణ పడవలు 20, వాటిలో చోటు 1,178 మందికి. 1912 ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటాక, ఓడ మునిగిపోతున్నప్పుడు ఎవరూ మూడో తరగతివారిని చంపమని ఆజ్ఞ ఇవ్వలేదు. తెల్లారేసరికి మొదటి తరగతి ప్రయాణికుల్లో నూటికి అరవై మంది పైగా బతికారు, మూడో తరగతిలో పాతిక మంది. మూడో తరగతి పిల్లల్లో సుమారు మూడింట రెండొంతుల మంది పోయారు. పడవలుండే డెక్కుకు వాళ్లకు సూటి దారి లేదు, దారి చూపేవారు తక్కువ, మాట అర్థంకానివారు ఎక్కువ. తరవాత బ్రిటన్‌లో జరిగిన అధికారిక విచారణ మూడో తరగతివారి పట్ల అన్యాయమేమీ జరగలేదని తేల్చింది. ఆ విచారణలో మూడో తరగతి ప్రయాణికుణ్ణి ఒక్కణ్ణి కూడా సాక్షిగా పిలవలేదు.

ఆ చివరి వాక్యం దగ్గర నేను తరగతిలో ఎప్పుడూ కాసేపు ఆగేవాణ్ణి. చనిపోయేటప్పుడే కాదు, చావుల్ని లెక్కపెట్టేటప్పుడు కూడా గేటు మూసే ఉంటుందని పిల్లలకు చెప్పకుండానే అర్థమయ్యేది. మీ వ్యాసంలోని ‘నేపథ్యం’ అనే మాట నాకు ఆ గేటును గుర్తుచేసింది.

గోడను గీసిన కుర్రవాడి గురించి ఇంకొక్క మాట. వారం తరవాత పటాన్ని దిద్దుకొచ్చాడు. ఈసారి ద్వారం పక్కన చేతిలో కర్రతో ఒక కాపలాదారు ఉన్నాడు. వీడు పైవాడా కిందివాడా అని అడిగితే, “కిందివాడే సార్, పైవాళ్లు ఎండలో నిలబడరు కదా” అన్నాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఇది ఎలా తెలిసిందో నాకు తెలియదు, చరిత్ర మాత్రం ఔననే అంటుంది. దక్షిణాఫ్రికాలో పాసు పుస్తకాలు తనిఖీ చేసిన పోలీసుల్లో నల్లవారు చాలామంది ఉన్నారు. వార్సాలో నాజీలు 1940 నవంబరులో యూదులను గోడ కట్టి బంధించినప్పుడు, లోపల క్రమశిక్షణ చూసే పనిని యూదుల పోలీసు దళానికే అప్పగించారు. పైనున్నవాడు తన చేతికి మట్టి అంటకుండా చూసుకుంటాడు, వాడి వేలుతో వాడి కన్నే పొడిపిస్తాడు. ఆకలిగొన్న ఇద్దరిలో ఒకడికి పూట గడిచే ఉద్యోగమిచ్చి రెండోవాడి ముందు నిలబెడితే చాలు. ఆ తరవాత జరిగే కొట్లాట ‘కిందివాళ్లలో వాళ్ల గొడవ’గా నమోదవుతుంది. మీ వ్యాసకర్త అసహ్యించుకున్న కథల్లో పేదలు పేదల్ని చంపుకునే ఆటలు ఎక్కువగా ఉన్నాయన్నారు. ఉన్నాయి. వాటిని చూసి వెగటు కలగడం సహజమే గాని, ఆ వెగటు ఆడుతున్నవారి మీదికి కాకుండా గ్యాలరీలో కూర్చుని చూస్తున్నవారి మీదికి మళ్లాలి, మంచి రచయితలు ఆ పనే చేయబోతారు. మనమూ గ్యాలరీలో ఉన్నామేమోనన్న అనుమానం పాఠకుడికి కలిగితే ఆ పుస్తకం తన పని చేసినట్టే. కలగకపోతే అది వట్టి కాలక్షేపమని మీ వ్యాసకర్తతో నేనూ అంటాను.

అసమానతకూ నేరానికీ ఉన్న సంబంధం మీద పరిశోధనలు లేకపోలేదు. 1982లో పీటర్ బ్లా, జుడిత్ బ్లా అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని 125 అతిపెద్ద మహానగర ప్రాంతాల్ని పరిశీలించి, హింసాత్మక నేరాలతో పేదరికానికి కంటే అసమానతకే గట్టి సంబంధం ఉందని చూపారు. లేకపోవడం కంటే, పక్కవాడికి ఉండి తనకు లేకపోవడం మనిషిని ఎక్కువ రగిలిస్తుందన్నమాట. అయితే ఇక్కడ నా వాదానికి అడ్డొచ్చే వాస్తవాన్ని దాచడం మర్యాద కాదు. 1990లలో అమెరికాలో ఆదాయాల మధ్య అంతరం పెరుగుతూనే ఉంది, హింసాత్మక నేరాలు మాత్రం తగ్గుతూ వచ్చాయి. కాబట్టి అసమానత అనే అంకె పెరిగితే నేరం అనే అంకె తానుగా పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. అంతరాన్ని ఎక్కడ, ఎలా, రోజుకు ఎన్నిసార్లు ముఖం మీద చూపిస్తున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుందని నేననుకుంటాను. 2016లో కేథరిన్ డిసెల్స్, మైకేల్ నార్టన్ అనే పరిశోధకులు విమానాల్లో జరిగే గొడవల మీద ఒక పత్రం ప్రచురించారు. ఫస్ట్ క్లాస్ విభాగం ఉన్న విమానాల్లో సాధారణ తరగతి ప్రయాణికులు రెచ్చిపోయిన సంఘటనలు ఎక్కువనీ, సాధారణ తరగతివారిని ఫస్ట్ క్లాస్ మధ్యనుంచి నడిపించి ఎక్కించిన చోట ఇంకా ఎక్కువనీ అందులో తేల్చారు. వాళ్ల గణాంక పద్ధతిని తప్పుపట్టినవారూ ఉన్నారు కాబట్టి దాన్ని వేదవాక్కుగా చెప్పడం లేదు. అయినా కాళ్లు చాపుకుని కూర్చున్నవారి పక్కనుంచి సంచి ఎత్తిపట్టుకుని నడిచిన అనుభవం ఉన్నవారికి అది ఏం చెబుతోందో వివరించనక్కర్లేదు. విశేషమేమిటంటే, అటువంటి విమానాల్లో ఫస్ట్ క్లాస్ ప్రయాణికుల దురుసుతనం కూడా పెరిగినట్టు ఆ పత్రంలో ఉంది. ద్వారం రెండువైపులవారినీ పాడుచేస్తుంది.

‘డిస్టోపియా’ అనే మాట వెనక ఉన్న చిన్న కథ కూడా ఈ సందర్భంలో చెప్పదగిందే. ఇంగ్లండ్ రచయిత థామస్ మోర్ 1516లో, ఊహలోని ఆదర్శ సమాజానికి పేరుగా ‘యుటోపియా’ అనే మాటను సృష్టించారు. దానికి ఎదురుగా ‘డిస్టోపియన్లు’ అనే మాటను 1868 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ ఉపయోగించారు. సందర్భం రాబోయే వందల ఏళ్ల తరవాతి నగరమేమీ కాదు, ఆనాటి ఐర్లండ్ పరిస్థితి. దున్నేవాడికి నేల మీద హక్కులేని, ఇరవై ఏళ్ల కిందట కరువులో సుమారు పది లక్షల మంది చచ్చిపోయిన, పక్కనే ఉన్న దేశం. అంటే ఈ మాట రాజకీయ వేదికెక్కిందే కళ్లెదుట ఉన్నదాని గురించి. దాన్ని భవిష్యత్తులోకి, వేరే గ్రహాల మీదికి నెట్టేసింది మనమే.

మన రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న అంబేద్కర్ చేసిన ప్రసంగంలోనూ ఇదే చూపు ఉంది. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత అనే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామనీ, దీన్ని వీలైనంత త్వరగా తొలగించకపోతే అసమానతకు గురైనవారు రాజకీయ ప్రజాస్వామ్య నిర్మాణాన్నే పేల్చివేస్తారనీ ఆయన హెచ్చరించారు. ఆ హెచ్చరికలో పేలుడు ఒక్కటే లేదు. పేలుడుకు ముందున్న వైరుధ్యం ఉంది, దానికి గడువూ ఉంది. ఆయన లెక్క మొదటి రాయితో మొదలుకాలేదు.

ఇక పత్రిక గురించి. మీ పేపరును ఏళ్ల తరబడి చదువుతున్న చనువుతో రాస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు. కిందివాళ్లు వీధిలోకి వస్తే శీర్షికలో ‘ఆందోళన హింసాత్మకం’ అని ఉంటుంది. వాళ్ల ఇళ్లు కూల్చిన వార్తకు ‘ఆక్రమణల తొలగింపు’ అని ఉంటుంది. జనం రాయి విసిరితే ‘విసిరారు’ అంటారు, కర్త స్పష్టంగా కనిపిస్తాడు. తూటా తగిలితే ‘కాల్పుల్లో మృతి’ అంటారు, కాల్చినవాడు వ్యాకరణంలోనే మాయమవుతాడు. నాలుగు రోజుల తరవాత ‘పరిస్థితి అదుపులోకి వచ్చింది’ అని చిన్న వార్త. అదుపులోకి వచ్చిందంటే ద్వారం దగ్గర మళ్లీ ఎప్పటిలాగే వరస కట్టారని అర్థం. ఇది మీ ఒక్క పత్రికలోనే ఉందనడం లేదు, విలేకరుల చేతికి అలవాటైపోయిన భాష ఇది. అదే అలవాటు నవలను సమీక్షించేటప్పుడు కూడా పనిచేస్తోందన్నదే నా ఫిర్యాదు. మన పిల్లలు హింసకు అలవాటు పడిపోతున్నారన్న భయం నాకూ ఉంది. తెరమీద కత్తిపోటును చూస్తే వాళ్లు ఇంకా ఉలిక్కిపడుతున్నారు; చీటీ లేదని ముసలాణ్ణి వరసలోంచి పక్కకు లాగేసే దృశ్యం వస్తే ఫోన్ చూసుకుంటున్నారు. వాళ్లు దేనికి అలవాటు పడ్డారో చూడాలంటే ఆ రెండో దృశ్యం దగ్గర చూడాలి.

ఇవన్నీ చదివాక నేను తిరుగుబాటు హింసను సమర్థిస్తున్నానని ఎవరైనా అనుకుంటే ఆశ్చర్యపోను. సమర్థించడం లేదు. గోడ కూలిన మరునాటి ఉదయమే అన్నీ సర్దుకుంటాయని చెప్పే కథలంటే నాకు మీ వ్యాసకర్త కంటే ఎక్కువ చిరాకు. దక్షిణాఫ్రికాలో పాసు చట్టాలు 1986లో రద్దయ్యాయి, 1994లో అందరూ ఓటు వేశారు. ఆ తరవాత ఇరవై ఏళ్లకు కూడా ప్రపంచ బ్యాంకు లెక్కల్లో అత్యధిక అసమానత ఉన్న దేశం అదే. అసమానతను సున్నా నుంచి నూరు దాకా కొలిచే గినీ సూచీ 2014లో అక్కడ 63 దగ్గర ఉండేది. పట్టణాల్లో ఎవరి ఇల్లు పనిచోటుకు ఎంత దూరంలో ఉందన్న పటం చాలావరకు మారలేదు. తెల్లవారకముందే లేచి, రెండు వాహనాలు మారి, తన ఊరు కాని ఊళ్లోకి పనికెళ్లే మనిషి ఇప్పుడు ఎవరికీ పుస్తకం చూపించనక్కర్లేదు, అది చిన్న విషయం కాదు. దారి పొడవు మాత్రం అంతే ఉంది. హత్యల సంఖ్యలో ఆ దేశం నేటికీ ప్రపంచంలో ముందువరసలోనే ఉంది. తిరుగుబాటు పేజీ దగ్గర ఆగిపోయే కథకులు ఈ భాగం రాయరు, రాస్తే అమ్ముడుపోదేమో.

నా కోరిక పెద్దదేమీ కాదు. వ్యాసకర్త ఆ వ్యాసానికి రెండో భాగం రాస్తానన్నారు. అప్పుడు ఆయన ఎంచుకున్న నవలల్లో ఏదో ఒకదాన్ని మొదటి పేజీనుంచి మళ్లీ చదివి, మొదటి రాయి పడేలోపు ద్వారం దగ్గర ఎంతమందిని ఆపారో, ఎంతమందిని వెనక్కి పంపారో, ఎంతమంది మందు అందక, నీళ్లు అందక, పైకి దారి తెలియక పోయారో కూడా లెక్కపెట్టి రాయమని మీ ద్వారా మనవి చేస్తున్నాను. అప్పుడు కూడా ఆ నవల పిల్లలకు తగదని ఆయన అంటే, కారణాలు చదవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు